గుంతలో నాలుగు కాళ్లు

తిరుత్తణిలో నేతగాళ్ల వీధి చివరి ఇల్లు అది. వేరే రంగు అంచును ఒంటికి కలిపి నేసే కోర్వై పట్టుచీర ఒక్క మనిషి చేతిలో అయ్యే పని కాదు, అంచు పోగు తీసుకుపోయే నాడె వేయడానికి పక్కన ఇంకొకరు కూర్చోవాల్సిందే. అందుకని ఆ ఉదయం తొక్కుడు పలకలుండే మగ్గం గుంతలోకి నాలుగు కాళ్లు వేలాడుతున్నాయి. రెండు అలమేలుమంగవి, రెండు సెలవులకు వచ్చిన ఆమె అన్న కూతురు నందితవి. అత్త చేతిలోంచి జారిపడ్డ నాడె కోసం నందిత గుంతలోకి వంగింది. వంగింది వంగినట్టే ఆగిపోయింది.

"అత్తా, కదలొద్దు."

"కదల్లేదు లే."

"కాలు తీయొద్దు. తొక్కిన పలక తొక్కినట్టే పెట్టుకో."

"పెట్టుకునే ఉండా. ఏం చూసినావు?"

"చెప్తే అరవకూడదు."

"నేనెప్పుడన్నా అరిచినానా మే? ఈ ఇంట్లో అరిచేది మీ మామ."

"పాము అత్తా. పైకి లేసిన పలక మీద చుట్ట చుట్టుకోని ఉండాది. నా కాలికి జానెడు దూరం కూడా లేదు."

"ఊఁ."

"ఊఁ ఏంది? విన్నావా?"

"విన్నా. ఏం పాము?"

"సురుట్టై విరియన్. మన చిత్తూరు పక్క చిన్న పింజర అంటారే, అది."

"సరిగ్గా చూసినావా? గుంతలో అంతా చీకటి. తాడు ముక్కేమో."

"తాడుకు కళ్లుంటాయా అత్తా? పిల్లి కన్ను మాదిరి నిలువు గీత. తల మీద తెల్లగా పక్షి కాలి గుర్తు. ఒళ్లంతా ఇసక రంగు. అదే, ఇంకేం కాదు."

"పొద్దున్నుంచి ఒక చప్పుడు. రంపంతో కట్టె కోసినట్టు. మగ్గం అచ్చు ఎండిపోయి పడుగు రాసుకుంటా ఉండాది, సాయంత్రం నూనె పెట్టాల అనుకున్నా."

"నాకు చెప్పుంటే కదా."

"నీ చెవుల్లో పాట ఉన్నింది."

"ఆ చప్పుడు ఇదే. ఒళ్లు ఒళ్లు రాసుకుంటుంది. ఇప్పుడు వినిపిస్తా ఉండాదా?"

"ఉండాది."

"నువ్వు నాడె జారవిడిచింది మంచిదయింది అత్తా. లేకుంటే నేను గుంతలోకి చూసేదాన్నే కాదు. కాలు ఊపుతా కుచ్చోనుండేదాన్ని."

"చేతికి చెమట. జారిపోయింది."

"నీ చేతిలో నాడె జారేది నేను పుట్టినప్పట్నుంచి చూళ్లేదు."

"వయసయింది. ఇప్పుడు నాడె కతేనా మనకు? నీ కాళ్లు ఎట్ల పెట్టుకోని ఉండావు, చెప్పు."

"ఎడమ కాలు గోడకు ఆనించుకోని ఉండా. కుడిది అట్లే వేలాడతా ఉండాది. పైకి తీసుకుందామంటే పలకను దాటుకోని తీయాల."

"తీయాకు."

"తీయను. అది కొట్టేది కంటికి కనపడదు, అంత వేగం. నువ్వు కూడా కాలు ఎత్తకూడదు. నువ్వు తొక్కిన పలక పైకి లేసిందంటే ఇది కిందకు పడుతుంది. పడితే అది నేరుగా నా పాదం మీదే."

"తెలుసు. నాకు మగ్గం నేర్పిస్తావా? ఒకటి లేస్తే ఒకటి దిగుతుంది, అంతే కదా."

"తెలిసే పట్టుకోని ఉండావా?"

"నాడె పడుగులో ఉంటే కాలు తీయకూడదు, పోగులు తెగిపోతాయి. మా అమ్మ తొడ మీద గిల్లి గిల్లి నేర్పించింది. పిడుగు పడినా నా కాలు లేయదు."

"లేపాకు అత్తా. నీకు దండం పెడతా."

"లేపను. మీ మామకు ఫోను కొట్టు. ఫోను యాడుండాది?"

"ఒళ్లోనే. చేతులు మెల్లగా కదిలిస్తే పరవాలేదు."

"మెల్లగా."

"మామా, నేను నందిత. యాడుండావు? కాఫీ పొడి వద్దు, ఏం వద్దు. విను. మగ్గం గుంతలో పాము ఉండాది. నేనూ అత్తా కుచ్చోనే ఉండాం. లేయలేము మామా, లేస్తే కరుస్తుంది. అరవొద్దు. ఫైరాఫీసుకు ఫోను చేసి ఇంటికి రా. తలుపు దబదబ కొట్టొద్దు, నేల అదిరితే దానికి తెలుస్తుంది. మామా? మామా?"

"ఏమన్నాడు?"

"మురుగా అన్నాడు. కట్టయింది."

"పరిగెత్తుతా ఉంటాడు. చెప్పులు అంగట్లోనే వదిలేసి ఉంటాడు."

"అత్తా, నాకు భయంగా ఉండాది."

"నాకూ ఉండాది."

"నీ గొంతులో లేదే."

"నా గొంతులో ఉంటే నువ్వు లేసి దుముకుతావు. దుమికితే ఏమవుతుందో నువ్వే కదా చెప్పినావు. ఏదన్నా మాట్లాడు మే."

"ఏం మాట్లాడేది?"

"జంతువుల సదువుకని రాజస్థాన్ పోయి వచ్చినావే, ఆ ఎడారి కత చెప్పు. నువ్వు చెప్పబోతే నేనే కదా పొమ్మన్నా, పని ఉండాది అని. ఇప్పుడు నాకు వేరే పని లేదు."

"ఇప్పుడు ఎడారి కతా?"

"మాట్లాడతా ఉంటే నీ కాళ్లు వణకవు."

"వణుకుతా ఉండాయని నీకెట్ల తెలుసు?"

"మనిద్దరం కుచ్చున్న బల్ల ఒకటే. నువ్వు వణికితే నాకూ అదురుతుంది. చెప్పు. ఆడ ఏం తిని బతుకుతాయి ఆ జంతువులు? ఇసక తింటాయా?"

"ఇసక తినవు అత్తా. ఆడ కూడా గడ్డి ఉండాది, చెట్లు ఉండాయి. మన జమ్మి చెట్టు, దసరాకు దండం పెడతామే, అదే ఆడ వాళ్లకు ప్రాణం. పైన చూస్తే పిడికెడు ఆకు. కింద వేరు మాత్రం పోతానే ఉంటుంది, నీళ్లు దొరికేదాకా."

"బావి తవ్వినట్టు."

"అట్లే. ఒక ఎలుక ఉండాది, అది నీళ్లే తాగదు. గింజల్లో ఉండే తడితోనే బతికేస్తుంది. పగలంతా బొక్కలో పడుకోని, బొక్క మూతి మట్టితో మూసుకుంటుంది. ఊపిరితో పోయే తడి కూడా బయటికి పోకూడదు అని."

"అబ్బా. అంత పిసినారిదా?"

"పిసినారి కాకపోతే ఆడ బతకలేవు అత్తా. ఎడారిలో ఆకలికి చచ్చేది తక్కువ, దాహానికి చచ్చేది ఎక్కువ. అందుకే ఆడ పుట్టినదేదైనా తడిని దాచుకుంటుంది. ఇది కూడా అంతే."

"ఏది, ఇదా?"

"ఇదే. వేరే పాములు బుస కొడతాయి. బుస కొడితే ఊపిరితో నోట్లో తడి పోతుంది. అందుకే ఇది నోరు తెరవదు, ఒళ్లు రాసుకోనే బెదిరిస్తుంది అని మా మేడం చెప్తారు. దీని పొలుసులు రంపం పళ్ల మాదిరి ఉంటాయి."

"అట్ల చేయమని దానికి ఎవురు నేర్పించినారు?"

"ఎవురూ నేర్పించలే. పొదుపుగా ఉండేవి మిగిలినాయి, లేనివి పోయినాయి. మిగిలినవాటి పిల్లలకు అదే వచ్చింది. అట్ల లక్షల ఏండ్లు."

"మా నాయన చెయ్యి నాకు వచ్చినట్టు."

"కొంచం అట్లే అనుకో."

"సరి, అది ఇసక దేశం పాము. మన తిరుత్తణికి ఎందుకొచ్చింది?"

"రాలేదు అత్తా. ఎప్పట్నుంచో ఈడే ఉండాది. మన కొండ వెనక గుట్టలు, రాళ్లు, ముళ్లకంపలు, దానికి అదీ ఎడారే. ఇప్పుడు ఆడ జేసీబీ పెట్టి రాళ్లు పెరికి ప్లాట్లు వేస్తా ఉండారు. ఈ ఎండకు దానికి ఒక చల్లని బొక్క కావాల. మగ్గం గుంత కంటే మంచి బొక్క యాడ దొరుకుతుంది?"

"సరిపోయింది. బాడుగ లేకుండా వచ్చి చేరింది."

"నవ్వించాకు అత్తా. నవ్వితే కాలు కదులుతుంది."

"నవ్వాకు. చెప్పు. దానికీ భయమేనా ఇప్పుడు?"

"మన కంటే దానికే ఎక్కువ. దగ్గరికి రావాకండి, రావాకండి అని చెప్తా ఉండాది పాపం."

"నందూ."

"ఏం అత్తా?"

"ఒకసారి కరిచినాక ఇంకోసారి కరుస్తుందా అది?"

"కరుస్తుంది. ఎందుకు?"

"ఊరికే అడిగినా. ఒకసారి కరిచేస్తే ఇంక విషం ఉండదు అనేది మా అమ్మ."

"అదేం లేదు. ఎన్నిసార్లన్నా కరుస్తుంది. అందుకే చెప్తా ఉండా, కదలొద్దు అని."

"కరిస్తే వెంటనే పోతారా మనుషులు?"

"వెంటనే ఏం పోరు. అత్తా, ఇది వద్దు. వేరేది అడుగు."

"ఇదే అడుగుతా ఉండా. ఇంత సదువు సదివినావు, ఇది చెప్పలేవా?"

"కరిచిన చోట వాస్తుంది. మంట. ఆమీద రక్తం గడ్డ కట్టడం ఆగిపోతుంది. చిగుళ్లలోంచి, ముక్కులోంచి కారుతుంది. కొందరికి ఆలస్యంగా తెలుస్తుంది, ఏం కాలేదు లే అని ఇంట్లోనే పడుకుంటారు. వాళ్లే పోతారు."

"మందుండాదా?"

"ఉండాది. గవర్నమెంటాస్పత్రిలో సూది వేస్తారు. తొందరగా పోతే బతుకుతారు. నడవకూడదు, పరిగెత్తకూడదు. కాలు కదిలించకుండా పడుకోబెట్టి ఎత్తుకోని పోవాల. తాడుతో బిగించకూడదు, బ్లేడుతో కోయకూడదు."

"కదలకుండా కుచ్చుంటే మంచిదే అన్నమాట."

"మంచిదే. కాని ఆలస్యం చేయకూడదు."

"ఊఁ."

"నీకు చెమట పోస్తా ఉండాది అత్తా."

"ఫ్యాను ఆగిపోయింది కదా."

"ఫ్యాను తిరుగుతానే ఉండాది."

"అయితే నాకు తగల్లేదు. మీ మామ యాడ చచ్చినాడో. గేటు వేసేసినారేమో, అరక్కోణం రైలు పోయే టైము."

"అత్తా, నేనొకటి చెప్పాల."

"చెప్పు."

"పొద్దున గుంతకు నీళ్లు చల్లింది నేనే."

"నేనే కదా చల్లమన్నా. ఈ ఎండలకు గుంత తడపకపోతే పట్టుపోగు ఒక్కటి నిలవదు."

"కట్టెతో పలకలు తట్టి, ఆమీద నీళ్లు చల్లమన్నావు. నేను తట్టలేదు."

"ఊఁ."

"అది కింద ఇసకలో పడుకోని ఉండింది. నేను బొక్కెనెడు నీళ్లు పోసేసినా. దీనికి తడి పడదు అత్తా. వాన పడితే ముళ్లకంప ఎక్కి కుచ్చుంటుంది, నేల ఆరిందాకా దిగదు. ఈ మాట నా ప్రాజెక్టులో నేనే రాసినా. రాసినదాన్ని, నేనే నీళ్లు పోసి దాన్ని నీ పలక ఎక్కించినా."

"నేను తట్టినా లే."

"ఎప్పుడు?"

"కుచ్చునేటప్పుడు. కాలితో."

"అబద్ధం."

"మీ అత్త ఎప్పుడన్నా అబద్ధం చెప్పిందా నీకు?"

"లేదు."

"మరి? తట్టినా, అది వినలేదు. చెవులుంటాయా దానికి? నువ్వు ఏడవాకు. ఏడిస్తే కుచ్చున్న బల్ల అదురుతుంది."

"ఏడవడం లేదు."

"ముక్కు తుడుచుకో. మెల్లగా. అదో, వాకిలి తీసిన చప్పుడు. మీ మామ వచ్చినట్టుండాడు."

వీరరాఘవ వచ్చాడు. చేతిలో కాఫీ పొడి పొట్లం లేదు, పెరట్లోని నీళ్ల బకెట్టు ఉంది.

"అలమేలూ, ఏమయింది? పాప ఎట్లుండాది?"

"ఆడే నిలబడయ్యా. గడప దాటొద్దు."

"యాడుండాది? కట్టె తెచ్చేదా? ఫైరోళ్లకు చెప్పినా. బండి ఇంకొక చోట మంటలకు పోయిందంట, అది రాగానే పంపిస్తాం అన్నారు. ఎప్పటికి వస్తుందో ఆ మురుగనికే తెలియాల. నీళ్లు తెచ్చినా చూడు."

"నీళ్లెందుకు మామా?"

"కుమ్మరిస్తే పారిపోతుంది. మా నాయన అట్లే తోలేవాడు, ఇదే గుంతలోంచి, జెర్రిపోతును."

"మామా, వద్దు. ఇది జెర్రిపోతు కాదు. నీళ్లు పడితే ఇది పారిపోదు, పైకి ఎక్కుతుంది. ఇప్పుడు దానికి పైన ఉండేది నా కాలొక్కటే."

"ఏం చెప్తా ఉండావు పాపా? నీళ్లకు పాము పారిపోకుండా ఎక్కడన్నా..."

"ఏమయ్యా, పిల్ల చెప్పేది విను. బకెట్టు దించు."

"దించినా."

"అంత చప్పుడుతోనా దించేది?"

"బకెట్టు నిండుగా ఉండాది అలమేలూ, నేనేం చేసేది?"

"అత్తా, చప్పుడు ఎక్కువయింది. తల లేపింది. చూస్తా ఉండాది."

"ఎటు?"

"నా పక్కకే."

"ఊపిరి బిగబట్టు. నేను పట్టుకోనే ఉండా. పలక వెంట్రుకంత కూడా లేయదు. చూడు, లేసిందా?"

"లేదు."

"లేయదు. అది పండుకొనేదాకా మాట్లాడాకండి ఇద్దరూ."

"దించింది. తల దించింది అత్తా."

"సరి."

"అలమేలూ, నీ మొహం ఏంది అట్ల సున్నం కొట్టినట్టుండాది?"

"పాము పక్కన కుచ్చుంటే పౌడరు పూసుకోనుండేదా? నువ్వు నోరు మూసుకోని పిల్ల చెప్పినట్టు చెయ్యి. నందూ, బండి వచ్చేదాకా నేను ఆగలేను."

"ఆగలేవా?"

"కాలు తిమ్మిరెక్కింది. ఎంతసేపని తొక్కిపెట్టేది? జారితే నిన్ను ఆ దేవుడు కూడా కాపాడలేడు. ఎడారిలో వీటిని మీరు ఎట్ల పట్టినారో అదే ఈడా చెయ్యి."

"ఆడ మా దగ్గర కొక్కెం కట్టె ఉండింది, సంచి ఉండింది, సారు ఉండినారు."

"ఈడ నువ్వుండావు. ఆలోచన చెయ్యి మే. దానికి ఏం కావాల?"

"ఏం కావాల అంటే, ఎండిన చోటు. చీకటి. ఇరుకుగా ఒక బొక్క. ఎండకాలంలో దానికి అంతకంటే ఏం అక్కర్లేదు. మామా, మోటారు పెట్టినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ పైపు ముక్క ఉండాది కదా?"

"పెరట్లో. మన చెయ్యి పట్టేంత లావుంటుంది. మనిషి పొడుగు ఉండాది."

"తడిగా ఉండాదా?"

"ఎండలో పడి ఉండాది, తడి ఎక్కడిది?"

"అది తీసుకోని రా. ఒక మూతిలో గుడ్డ గట్టిగా కుక్కు. ఇంకో గుడ్డ చేతిలో పెట్టుకో. చెప్పుల్లేకుండా మెల్లగా రా."

"చెప్పులు అంగట్లోనే వదిలేసినా."

"చెప్పినా కదా నందూ. పో అయ్యా, బిరీన."

"పోతా ఉండా."

"అత్తా, అది పైపులోకి పోకుంటే?"

"నువ్వు చెప్పిన కతంతా నిజమైతే పోతుంది."

"కత నిజమే. అది ఈ పాముకు తెలియాల కదా."

"లక్షల ఏండ్లుగా తెలుసు అన్నావు. ఇప్పుడెందుకు మరిచిపోతుంది?"

"నీ చెయ్యి ఇయ్యి అత్తా. పట్టుకుంటా."

"పట్టుకో."

"చల్లగా ఉండాది, ఐసు మాదిరి."

"ఎప్పుడూ అంతే. మీ మామనే అడుగు."

"పైపు తెచ్చినా పాపా. గుడ్డ కుక్కినా. గట్టిగానే ఉండాది."

"ఈ పక్క నుంచి రా మామా. అత్త ఎడమ పక్కన. గుంత అంచున మోకాళ్ల మీద కుచ్చో. పైపును అత్త కాలి పక్కగా దించు. ఇంకా. ఇంకా. పలక మీద ఆనించు. పాముకు తగలకూడదు. తెరిచిన మూతి దాని తల ముందర రావాల."

"నాకు పాము కనపడడం లేదు."

"నాకు కనపడతా ఉండాది. నేను చెప్తా. రవ్వంత కుడికి. ఆఁ, చాలు. పట్టుకోని ఉండు, వణకొద్దు."

"వణుకు నా మాట వినడం లేదు."

"పైపును అత్త మోకాలికి ఆనించు, నిలబడుతుంది. అత్తా, ఆనించేదా?"

"ఆనించు."

"నొప్పా? పళ్లు కొరుకుతా ఉండావు."

"పైపు ఎండకు కాలిపోతా ఉండాది. నువ్వు పని చూడు."

"ఇప్పుడు నేను ఫోను లైటు కొడతా. దాని మీద వెలుతురు పడుతుంది, కింద తడి, చుట్టూ మనం. చీకటి ఒక్క పైపులోనే. కొట్టినా. ఎవురూ ఊపిరి తీయాకండి."

"ఏం చేస్తా ఉండాది?"

"ఒళ్లు రాసుకుంటా ఉండాది."

"అది వినిపిస్తా ఉండాది. కదిలిందా?"

"లేదు. కదిలింది. తల తిప్పింది."

"ఎటు?"

"నా కాలి పక్కకు. అత్తా, నా పాదం మీదకు వస్తా ఉండాది. దాని నాలిక తగిలింది. అత్తా."

"నన్ను చూడు. కిందకు చూడాకు, నన్ను చూడు. నువ్వు చెట్టువి. జమ్మి చెట్టువి. చెట్టును అది కరవదు."

"నేను చెట్టును."

"వేరు దిగిపోయింది, యాడికీ పోలేవు. అంతే. చూడు నన్ను. ఏమయ్యా, నీకు కనపడుతుందా ఇప్పుడు?"

"కనపడుతుంది. తిరిగింది. పలక మీదకే తిరిగింది. పక్కపక్కకే పోతా ఉండాది, వంకరగా. పైపు మూతి దగ్గరికి వచ్చింది. తల పెట్టింది."

"పైపు కదిలించొద్దు మామా."

"సగం పోయింది. ఇంకా తోక బయట ఉండాది. పోతా ఉండాది. పోయింది. మొత్తం పోయింది పాపా."

"మూతి మెల్లగా పైకి ఎత్తు. నిలువుగా. ఇప్పుడు గుడ్డ. చెయ్యి అడ్డం పెట్టొద్దు, కట్టెతో కుక్కు, నాడె పెట్టే కట్టె ఆడే ఉండాది చూడు."

"కుక్కినా. మురుగా, వీరరాఘవ పెరుమాళ్లా. కుక్కినా. దీన్ని బయటికి తీసుకోనిపోయి పైపుతో సహా బండకేసి కొడతా."

"కొట్టొద్దు మామా."

"కొట్టొద్దా? మన పాణాలు తీయబోయింది."

"కొట్టాకు అయ్యా. ఎండ తగలని చోట పెట్టు. బండి వచ్చినాక ఫైరోళ్లకు ఇచ్చేయి. వాళ్లు దాని గుట్టలో వదిలేస్తారు. భయపడి చేసింది అది, కావాలని కాదు."

"ఏం చేసింది? ఏం చేయలేదు కదా?"

"పో, ముందు బయట పెట్టు. గుడ్డ ఊడకుండా చూసుకో."

"పోతా ఉండా."

"అత్తా, అయిపోయింది. నిజంగా అయిపోయింది. నా పాదం మీద దాని నాలిక ఇంకా ఉన్నట్టే ఉండాది, చూడు, వెంట్రుకలు ఎట్ల నిక్కబొడుచుకోనుండాయో."

"మామ పోయినాడా బయటికి?"

"పోయినాడు."

"నీ కాళ్లు పైకి తీసుకో ముందు. రెండూ. గుంత దాటి అవతల పెట్టు."

"తీసుకున్నా. చూడు, రెండూ పైనే ఉండాయి. ఒక్క గీత లేదు. ఇంక నువ్వు తీసేయి. పలక వదిలేయి అత్తా, ఇంక ఏం లేదు."

"రెండు కాళ్లూ సరిగ్గా చూసుకున్నావా? వెలుతురులో?"

"చూసుకున్నా. ఏం లేదన్నా కదా. నువ్వు తీయి."

"తీయలేను మే."

"తిమ్మిరా? ఉండు, నేను రుద్దుతా."

"ముట్టుకోవాకు. లైటు ఇటు కొట్టాకు. ఫోను తీసి ఆంబులెన్సుకు కొట్టు. అరవకుండా, నిదానంగా చెప్పు ఇల్లు యాడో."

"ఆంబులెన్సు ఎందుకు అత్తా? ఎవురికి?"

"నడిపించకూడదు, ఎత్తుకోని పోవాల అన్నావు కదా. మీ మామ ఒక్కడు ఎత్తలేడు. నువ్వు తట్టలేదని ఇంక ఎప్పుడూ అనుకోవాకు, నేను తట్టినా అనే చెప్తా ఎవురడిగినా. కొట్టు మే, ఆలస్యం చేయకూడదు అన్నావు."

"అత్తా. ఏం చెప్తా ఉండావు నువ్వు?"

"నాడె చెమటకు జారలేదు నందూ. నువ్వు కదలొద్దు అనేదానికి ముందే అది నన్ను కరిచేసింది."